షెడ్డు కబుర్లు: గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?



"లారీ స్టార్ట్ కాలేదు" అన్నవి మూడే మాటలు. ఆ మూడు మాటల బరువు ఎంతో లారీ ఉన్న ఇంటివాళ్ళకే తెలుసు. లోడు దింపాల్సిన వేళ దాటిపోతుంది. ఫైనాన్సు వాయిదా మాత్రం వేళ దాటకుండా వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. డ్రైవరు బత్తా, క్లీనరు భోజనం, సరుకు యజమాని ఫోన్లు అన్నీ నడుస్తూనే ఉంటాయి. బండి ఒక్కటే నడవదు.

కరెంటు ఇంజన్ల షెడ్డు ఉన్న అరక్కోణంలో కూర్చుని డీజిల్ ఇంజన్ల గురించి రాస్తానని మిత్రులు నన్ను వేళాకోళం చేస్తుంటారు. నిజమే. మా జంక్షన్ నుంచి చెన్నైకి, రేణిగుంటకి, కాట్పాడికి, కాంచీపురం మీదుగా చెంగల్పట్టుకి వెళ్ళే రైళ్ళన్నీ కరెంటు తీగ కిందే పోతాయి. కానీ రైలు దించిన సరుకు అంగడి గుమ్మం దాకా చేరాలంటే లారీయే గతి. మన పత్రిక చదివే కుటుంబాల్లో లారీ మీద బతికేవాళ్ళు తక్కువేం కాదు. చిత్తూరు నుంచి పరదరామి మీదుగా గుడియాత్తం వచ్చే దారిలోనూ, రాయవేలూరు దాటి ఆంబూరు, వాణియంబాడి వైపు సాగే బెంగుళూరు హైవే మీదా మనవాళ్ళ బండ్లు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. నలభై ఏళ్ళు పంపు, నాజిల్ పని చేసినవాణ్ణి కనుక, బండి మొండికేస్తే ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో ఈ సంచికలో చెబుతాను.

దీనికి కారణం గుడియాత్తం నుంచి వచ్చిన ఒక ఉత్తరం. రాసిన సోదరి పేరు ఇక్కడ వద్దు. లుంగీల బేళ్ళు, అగ్గిపెట్టెల పెట్టెలు తోలే ఒకే ఒక్క బండి వాళ్ళకు ఆధారం. 2018 మోడల్, ఆరు సిలిండర్ల బండి. "పది పన్నెండు రోజులుగా ప్రతి ఉదయం మొరాయిస్తోందండీ. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. ఫిల్టరు దగ్గర చేతిపంపు యాభై అరవై సార్లు కొడితే అప్పుడు స్టార్ట్ అవుతుంది. తర్వాత పగలంతా ఎక్కడ ఆపినా వెంటనే అందుకుంటుంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే ఆరు ఇంజెక్టర్లూ మార్చాలన్నారు, పంపు కూడా పోయి ఉండొచ్చన్నారు. నా గొలుసు కుదువ పెట్టమంటారా, ఆగమంటారా?" అని ఆమె ప్రశ్న.

ఆ ఉత్తరంలోనే రోగమూ ఉంది, మందూ ఉంది. అది మీకు కనబడాలంటే ముందు డీజిల్ ఇంజను ఎలా రాజుకుంటుందో తెలియాలి. ఇంటి ఆడవాళ్ళు కూడా ఇది చదవాలని నా కోరిక. ఎందుకంటే చివరికి కుదువకు వెళ్ళేది వాళ్ళ గొలుసే.

పెట్రోలు ఇంజన్లో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజన్లో అది ఉండదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మనందరికీ తెలుసు. అదే సూత్రం. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టన్ సుమారు పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకి గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో డీజిల్‌ని మంచు తుంపరలాగా చిమ్మితే అది తనంతట తానే భగ్గుమంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1890లలో కనిపెట్టిన కిటుకు ఇది. ఆయన 1897లో చూపించిన ఇంజను ఇల్లంత పెద్దది. లారీలో పట్టే సైజుకు రావడానికి అసలు అడ్డం ఆ చిమ్మే పనే. రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంపుని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక ఆ అడ్డం తొలగింది. మన దేశంలో 1951లో బెంగుళూరులో మైకో పుట్టింది. ఆ కంపెనీయే 2008 నుంచి బాష్ లిమిటెడ్. మా తరం మెకానిక్కులకు మాత్రం ఇప్పటికీ పంపు అంటే మైకో పంపే.

కనుక డీజిల్ బండి స్టార్ట్ కావాలంటే కావలసినవి మూడు. ఇంజను తగినంత వేగంగా తిరగాలి. గాలి బాగా నొక్కబడాలి. డీజిల్ సరైన వేళకు, సరైన ఒత్తిడితో చిమ్మబడాలి. కొత్త బండ్లకు నాలుగోది ఒకటి చేరింది, కంప్యూటరు అనుమతి. ఏ బండి ఎక్కడ ఎలా మొండికేసినా కారణం ఈ నాలుగింటిలోనే ఉంటుంది. ఐదోది లేదు. మెకానిక్కు చేయాల్సిందల్లా ఈ నాలుగింటిలో ఏది లోపించిందో తేల్చడం. తేల్చకుండా పానా పట్టుకుంటే అది వైద్యం కాదు, జూదం. డబ్బు మాత్రం మెకానిక్కుది కాదు.

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. తాళం తిప్పి చెవి ఒగ్గి వినాలి. అసలు చప్పుడే లేదా, "టక్" అని ఒక్క చప్పుడుతో ఆగిందా, ఈడ్చుకుంటూ తిరుగుతోందా, చురుగ్గా తిరుగుతోందా? మొదటి మూడింటిలో ఏదైనా సరే డీజిల్ జోలికి పోకండి. బ్యాటరీ, టెర్మినళ్ళు, కటాఫ్ స్విచ్చి, ఎర్తు పట్టీ, సెల్ఫ్ మోటారు, ఈ వరసలో చూడండి. పెద్ద లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు చేస్తారు. నిండుగా ఉంటే రెండూ కలిపి సుమారు 25 వోల్టులు చూపాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 19 దగ్గరకైనా నిలబడాలి. అంతకన్నా బాగా పడిపోతే బ్యాటరీ అయినా నీరసించింది, టెర్మినల్ దగ్గర అయినా చిలుము పట్టింది.

ఎర్తు పట్టీ అంటే ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక తీగ. మట్టిలో, నూనెలో మునిగి ఉంటుంది కనుక దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది తుప్పు పడితే కొత్త బ్యాటరీలు వేసినా సెల్ఫ్ ఈడుస్తూనే ఉంటుంది. రెండు బోల్టులు విప్పి, గీకి, బిగిస్తే సరిపోయేదానికి బ్యాటరీ జత కొన్నవాళ్ళను చాలామందిని చూశాను. కొత్త రకం బండ్లలో ఇంకో తిరకాసు ఉంది. వోల్టేజి బాగా పడిపోతే సెల్ఫ్ ఎలాగోలా తిరుగుతుంది గానీ కంప్యూటరు మాత్రం కళ్ళు మూసేస్తుంది. చూసేవాళ్ళకు అది డీజిల్ రోగంలా కనబడుతుంది. అసలు రోగం బ్యాటరీది.

సెల్ఫ్‌ని ఒక్క బిగిన నిమిషాల తరబడి తిప్పకండి. పది, పదిహేను సెకన్లు తిప్పి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. లేకపోతే ఉన్న రోగానికి తోడు సెల్ఫ్ కూడా కాలుతుంది.

రెండో పరీక్షకూ ఖర్చు లేదు. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు పొగగొట్టం వైపు చూడాలి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ, పొగ చుక్క కూడా రాకపోతే సిలిండర్లలోకి డీజిల్ చేరడం లేదన్నమాట. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ మండటం లేదు. అంటే గాలి సరిగా నొక్కబడటం లేదు, లేదా చిమ్మే వేళ తప్పింది, లేదా ఇంజను తిరిగే వేగం చాలడం లేదు. నల్లటి పొగ వస్తే డీజిల్‌కి తగ్గ గాలి లేదు, ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. మందులవాడి దగ్గరికి వెళ్ళే ముందు నాలుక చాపి చూపినట్టు, బండి పొగ చాపి చూపిస్తుంది. చూసేవాడు ఉండాలి అంతే.

పొగ లేదంటే డీజిల్ దారి పట్టుకుని ట్యాంకు నుంచి ముందుకు నడవాలి. ముళ్ళు చూపే లెక్కను నమ్మకుండా ట్యాంకులో పుల్ల ముంచి చూడండి. అక్కణ్ణుంచి గొట్టం, నీళ్ళు వేరుచేసే ముందు ఫిల్టరు, ఫీడ్ పంపు, పెద్ద ఫిల్టరు, చివరికి పెద్ద పంపు. ఐప్పసి, కార్తీక మాసాల్లో మా వైపు ఈశాన్య రుతుపవనం వానలు కుమ్మరిస్తాయి. ఆ రోజుల్లో ముందు ఫిల్టరు అడుగున ఉండే మరను వదులుచేసి నీళ్ళు వదిలెయ్యడం స్నానం చేసినంత అలవాటుగా ఉండాలి. పాత రకం బండ్లలో ఇంకొకటి కూడా చూడాలి. ఇంజను ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి పోకుండా సగంలో ఇరుక్కుంటుంది. పంపు "ఆపు" అన్న స్థితిలోనే ఉండిపోతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా చుక్క డీజిల్ రాదు. ఆ మధ్య తిరుత్తణి రోడ్డులో ఒక ఆంధ్రా బండి ఇలాగే ఆగిపోతే, ఆ మీటను వేలితో వెనక్కి తోశాను. బండి అందుకుంది. ఆ డ్రైవరు, "ఏమన్నా, ఇంతేనా!" అని నవ్వాడు.

ఇక గాలి పట్టడం గురించి. మన తెలుగు షెడ్డుల్లో "గాలి పట్టింది" అంటాం. ఇక్కడి తమిళ మెకానిక్కులు "కాత్తు పుడిచిరుక్కు" అంటారు. మాట వేరయినా పట్టుకున్నది ఒకటే. డీజిల్‌ని నొక్కలేం, గాలిని నొక్కగలం. గొట్టంలో గాలి బుడగ దూరితే పంపు ఎంత నొక్కినా ఆ బుడగ స్పాంజిలాగా కుంచించుకుంటుందే గానీ ఒత్తిడి ముందుకు పోదు. అందుకే ఫిల్టరు మీది మరను వదులుచేసి, చేతిపంపు కొడుతూ, నురగ పోయి నిండు డీజిల్ వచ్చేదాకా గాలి తీస్తాం.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య డీజిల్‌ని తోయడం ఉండదు, పీల్చడం ఉంటుంది. మనం స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగినట్టు. స్ట్రాకి చిల్లు పడితే నీళ్ళు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది. అందుకే ఈ భాగంలో లీకు ఉన్నా నేల మీద తడి కనబడదు. తడి లేదు కనుక లీకు లేదనుకుంటారు. రాత్రి బండి నిలిచిపోయాక ఆ సన్నటి సందులోంచి గాలి చొరబడుతుంది, గొట్టంలో నిలిచి ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. తెల్లారేసరికి గొట్టం ఖాళీ. పగలు ఒకటి రెండు గంటలు ఆపితే అంత జారిపోదు కనుక వెంటనే అందుకుంటుంది.

ఇప్పుడు గుడియాత్తం సోదరి ఉత్తరం మళ్ళీ చదవండి. ఉదయం మొరాయింపు, చేతిపంపు కొడితే స్టార్ట్, పగలంతా బాగు. ఇంజెక్టర్లు అరిగిన బండి లక్షణం సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది. అరిగిన సందుల్లోంచి డీజిల్ వెనక్కి కారిపోవడం వేడెక్కినప్పుడే ఎక్కువ, ఎందుకంటే వేడికి డీజిల్ పలచబడుతుంది. అలాంటి బండి చల్లగా ఉన్నప్పుడు ఎలాగో స్టార్టయి, టీ తాగడానికి ఆపి వచ్చాక మొండికేస్తుంది. ఈ బండి అలా చేయడం లేదు. అన్నిటికీ మించి, చేతిపంపు కొట్టినంత మాత్రాన అరిగిన ఇంజెక్టరు బాగుపడదు కదా!

అందుకే ఆమెకు ఫోనులో, "అమ్మా, గొలుసు మెడలోనే ఉండనీ. ముందు డ్రైవరుని పిలు" అన్నాను. డ్రైవరు తమిళుడు, మంచి అనుభవం ఉన్నవాడు. ఎప్పణ్ణుంచి ఇలా ఉందని అడిగాను. దానికి రెండు రోజుల ముందు బండికి ఏం పని చేయించారని కూడా అడిగాను. ఆలోచించి, ముందు ఫిల్టరు మార్పించామన్నాడు. మెకానిక్కు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. "కాత్తు పుడిచిరుక్కుమోనని నాకు అనుమానం సార్, వర్క్‌షాపులో చెప్పాను గానీ వినిపించుకోలేదు" అన్నాడు.

అనుమానం ఎంత గట్టిదైనా పరీక్ష పెట్టాలి. శుభ్రమైన క్యానులో వడపోసిన డీజిల్ నింపి, ఫీడ్ పంపు కన్నా ఎత్తులో కట్టి, దాని గొట్టాన్ని సరాసరి ఫీడ్ పంపుకి తగిలించి రాత్రి వదిలేయమన్నాను. అంటే ట్యాంకు, ముందు ఫిల్టరు, వాటి గొట్టాలు లెక్కలోంచి తప్పించామన్నమాట. ఉదయం మొండికేస్తే రోగం పంపు వైపు, ఇంజెక్టర్ల వైపు ఉంది. వెంటనే అందుకుంటే రోగం ట్యాంకు వైపు ఉంది. ఒక్క రాత్రితో సగం బండిని అనుమానం నుంచి విడుదల చేయవచ్చు. నమ్మకం కోసం రెండు రాత్రులు చేయమన్నాను. రెండు ఉదయాలూ మొదటి సెల్ఫ్‌కే బండి అందుకుంది.

ఇక వెతకాల్సింది ఆ నాలుగడుగుల దారిలోనే. క్యాను తీసేసి, ముందు ఫిల్టరు తర్వాత అడుగు పొడవు తెల్ల పారదర్శక గొట్టం పెట్టి ఇంజను నడిపితే సన్నటి బుడగలు గొలుసుకట్టుగా వచ్చాయి. ఫిల్టరుకి ముందు పెడితే బుడగ లేదు. రెండింటికీ మధ్య ఉన్నది ఫిల్టరే. విప్పి చూస్తే దాని కింద రబ్బరు వలయం ఒక చోట మడతపడి నలిగి ఉంది. ఫిల్టరు బిగించేటప్పుడు దానికి రెండు చుక్కల డీజిల్ రాసి ఉంటే అది మడతపడేది కాదు. వలయం మార్చారు. ఆ తర్వాత ఇంతవరకూ బండి మొరాయించలేదని ఆ సోదరి రాశారు. మనవాళ్ళు గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు. ఇక్కడ గొడ్డలి ఖరీదు ఒక గొలుసు.

ఇంజెక్టర్లు ఎప్పుడూ పోవని నేను అనడం లేదు. పోతాయి. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బి.ఎస్.4, 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త లారీల్లో కామన్ రైల్ పద్ధతి మామూలైపోయింది. ఈ రైలు మా అరక్కోణం రైలు కాదు. అన్ని ఇంజెక్టర్లకూ ఉమ్మడిగా డీజిల్‌ని ఒత్తిడితో నిలవ ఉంచే లావుపాటి ఉక్కు గొట్టం. ఇంజెక్టరు లోపలి భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సున్నితమైన చోటికి ఒక్క ఇసుక రేణువు పోతే చాలు. అందుకే పెద్ద ఫిల్టరు మార్చేటప్పుడు అందులో బయటి డీజిల్ పోసి నింపే పాత అలవాటు ఈ బండ్లకు పనికిరాదు. ఖాళీగా బిగించి చేతిపంపుతోనే నింపాలి.

ఈ బండ్లలో కంప్యూటరు ఒక పట్టుదల మనిషి. రైలులో ఒత్తిడి సుమారు 200 బార్ దాకా వస్తే గానీ ఇంజెక్టర్లను తెరవనివ్వదు. ఆ అంకె కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. కనుక సెల్ఫ్ కొడుతూ స్కానరులో మూడు సంగతులు చూడాలి. రైలు ఒత్తిడి ఎంత వస్తోంది? ఇంజను తిరిగే వేగం చూపిస్తోందా? బ్యాటరీ వోల్టేజి ఎంత ఉంది? ఇంజను తిరుగుతున్నా వేగం సున్నా అని చూపిస్తే క్రాంకు సెన్సరునో, దాని వైరునో అనుమానించాలి. ఎలుక కొరికిన ఒక్క వైరు బండిని కదలకుండా చేయగలదు. ఒత్తిడి రాకపోతే, ముందు డీజిల్ రాక సరిగా ఉందో లేదో చూసి, అది బాగుంటేనే ఇంజెక్టర్ల వెనక్కి కారే డీజిల్‌ని కొలవాలి. ఆరు చిన్న సీసాలు ఆరింటికి తగిలించి సెల్ఫ్ కొడితే ఏ సీసా ముందు నిండుతుందో ఆ ఇంజెక్టరే దొంగ. ఒక దొంగ కోసం ఆరుగురినీ జైల్లో పెట్టనక్కరలేదు. "ఆరూ మార్చాలి" అన్నవాణ్ణి, "ఆరు సీసాల లెక్క చూపించన్నా" అని అడగండి. అడిగే హక్కు మీకుంది. నిజంగా కొలిచినవాడు ఆ మాటకు కోపం తెచ్చుకోడు, సంతోషంగా చూపిస్తాడు.

ఇప్పుడు ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పాత రకం పంపు బండ్లలో నాజిల్ పైపు నట్టు వదులుచేసి, సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్ముతోందా లేదా అని చూడటం మా అందరి అలవాటు. పాత నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకునేది. కొత్త రైలులో ఇంజను నడిచేటప్పుడు ఒత్తిడి 1,600 బార్ దాటుతుంది. లారీ టైరులో గాలి సుమారు 8 బార్ అంటే ఆ తేడా మీరే ఊహించుకోండి. కామన్ రైల్ బండిలో ఇంజను తిరుగుతుండగా ఆ పైపు నట్టు మీద పానా పెట్టకూడదు. ఇంజను ఆపిన వెంటనే కూడా పెట్టకూడదు. లీకు ఉందేమోనని చేత్తో తడమకూడదు. అట్టముక్క పట్టి చూడాలి.

వెంట్రుకంత ధార వేలిలో దిగితే మొదట గుండుసూది గుచ్చుకున్నట్టే ఉంటుంది. నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. "ఏముందిలే" అని గుడ్డ కట్టుకుని పనిలో పడతారు. లోపల డీజిల్ కండరాల వెంట, నరాల వెంట పాకుతుంది. కొన్ని గంటల్లో వేలు ఉబ్బి నల్లబడుతుంది. ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. గాయం ఎంత చిన్నగా కనబడినా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళి, "ఒత్తిడితో డీజిల్ వేలి లోపలికి దూరింది" అని స్పష్టంగా చెప్పాలి. "సూది గుచ్చుకుంది" అంటే ఇంజెక్షను ఇచ్చి పంపేస్తారు. చేతి శస్త్రచికిత్సలో మన రాయవేలూరుకు పెద్ద పేరుంది. 1946లో ఇండియాకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఇక్కడి సి.ఎం.సి.లోనే కుష్ఠురోగుల వంకరపోయిన వేళ్ళను శస్త్రచికిత్సతో మళ్ళీ పనికి వచ్చేలా చేశారు. పని చేసుకునే మనిషికి చెయ్యి అంటే ఏమిటో తెలిసిన ఊరు ఇది. షెడ్డులో పనిచేసే మన పిల్లలకు ఈ పేరా చదివి వినిపించండి.

ఇంకొక్క హెచ్చరిక. బండి స్టార్ట్ కావడం లేదని గాలి పీల్చే గొట్టం దగ్గర మండే గుడ్డ పెట్టడం, ఈథర్ స్ప్రే కొట్టడం కొందరికి అలవాటు. గాలిని ముందే వేడిచేసే హీటరు ఉన్న బండిలో ఆ స్ప్రే పేలిపోగలదు. బండి ఆగితే మళ్ళీ నడిపించుకోవచ్చు.

చివరగా, ఈ కింది ఏడు ప్రశ్నలు కత్తిరించి బండి క్యాబినులో అంటించండి. ఒక నకలు ఇంట్లోనూ ఉంచుకోండి. దారిలో తెలుగు తప్ప రాని డ్రైవరు ఎవరైనా బండి ఆగి మీ ఊళ్ళో చిక్కుకుంటే, ఈ ప్రశ్నలకు అతని జవాబులు విని, తమిళంలో మెకానిక్కుకి చెప్పండి. సగం రిపేరు అక్కడే అయిపోతుంది.

1. ఈ తంటా ఎప్పుడు మొదలైంది? దానికి ముందు బండికి ఏ పని చేయించారు?

2. సెల్ఫ్ తిరుగుతోందా? చురుగ్గానా, ఈడ్చుకుంటూనా?

3. సెల్ఫ్ కొట్టేటప్పుడు పొగ వస్తోందా? ఏ రంగు?

4. మొరాయించేది ఉదయం చల్లగా ఉన్నప్పుడా, వేడి మీదా?

5. చేతిపంపు కొడితే ఏమైనా మార్పు ఉందా?

6. ట్యాంకులో డీజిల్ పుల్ల ముంచి చూశారా? ముందు ఫిల్టరులో నీళ్ళు వదిలారా?

7. ఏదైనా మార్చాలని మెకానిక్కు అంటే, అది పోయిందని ఏ పరీక్షలో తేలింది?

ఏడో ప్రశ్నకు జవాబు రానంత వరకూ పర్సు తీయకండి. కుదువ అంగడి మెట్లు ఎక్కకండి.

వచ్చే సంచికలో ఘాటు దిగే బండ్ల బ్రేకుల గురించి, గాలి ట్యాంకులో నీళ్ళు ఎందుకు చేరతాయన్న దాని గురించి మాట్లాడుకుందాం. మీ బండి ప్రశ్నలు సంపాదకుల చిరునామాకు రాయండి. మోడల్ ఏ సంవత్సరందో రాయడం మరచిపోకండి.